చైన్ ఎప్పుడు దించాలి, ఏ పార్టు ముందే తెప్పించాలి

గుంటూరు

అల్లుడూ,

సైకిల్‌కి కొత్త చైన్ వేసిన దగ్గర్నుంచి గట్టిగా తొక్కితే పళ్ళు దూకుతోందని, కేసెట్, అదే వెనక చక్రం మీదుండే పళ్ళచక్రాల గుత్తి, బెజవాడలో ఎక్కడా దొరకడం లేదని, బీఆర్‌ఎం 200 (గడువు లోపల 200 కిలోమీటర్లు తొక్కే రైడు) దగ్గర పడుతోందని రాశావు. కొత్త చైన్‌లో తప్పేమీ లేదు. పాత చైన్‌ని దించాల్సిన రోజు దాటాక కూడా తిప్పావు. అది అరుగుతూ అరుగుతూ కేసెట్ పళ్ళని కూడా తన కొలతకి అరగదీసింది. ఇప్పుడు సరైన కొలతతో వచ్చిన చైన్ ఆ పళ్ళలో కూర్చోవడం లేదు.

ముందు బీఆర్‌ఎం సంగతి. పాత చైన్ పారేయకపోతే అదే మళ్ళీ ఎక్కించు. అరిగిన చైన్, అరిగిన కేసెట్ ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి కాబట్టి దూకకుండానే పోతాయి. 200 కిలోమీటర్లకి, 13న్నర గంటలకి ఆ జోడీ చాలు. కొత్త చైన్ తుడిచి, నూనె రాసి, కవర్లో పెట్టు. కేసెట్ వచ్చాక రెండూ కలిపి వెయ్యి. పాత జోడీనే ఏడాదంతా లాగిద్దామని మాత్రం అనుకోకు. అప్పుడు ముందు పెడల్స్ దగ్గరుండే పళ్ళచక్రాలు, అంటే చైన్‌రింగులు కూడా పోతాయి. వాటి ఖరీదు వేరు, అవి దొరకడం ఇంకా వేరు.

చైన్ సాగింది అంటారు గానీ ఇనుము ఏమీ సాగదు. లోపల పిన్నులు, అవి తిరిగే చోటు అరిగి ప్రతి లింకులో కొంచెం వదులు వస్తుంది. అదంతా కలిసి పొడవు పెరిగినట్టు కనబడుతుంది. పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే 24 పిన్నులు దాటితే సరిగ్గా 12 అంగుళాలు, 304.8 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ షాపులో స్టీలు స్కేలు కొనుక్కో, ప్లాస్టిక్‌ది వద్దు. చైన్ సైకిల్ మీదే ఉండనిచ్చి, వెనక బ్రేకు పట్టి పెడల్ మీద చేత్తో నొక్కితే పై వరస బిగుస్తుంది. సున్నా గీతని ఒక పిన్ను మధ్యలో పెట్టి 12 అంగుళాల గీత దగ్గర చూడు. పిన్ను మధ్య భాగం ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటి ఉంటే అర శాతం అరిగినట్టు. నీది 11 స్పీడు, అంటే వెనక 11 పళ్ళచక్రాలున్నది కాబట్టి ఆ రోజే దించెయ్యాలి, 12 స్పీడుకీ అంతే. 8, 9, 10 స్పీడుల వాళ్ళు ముప్పావు శాతం దాకా ఆగొచ్చు. 3 మిల్లీమీటర్లు దాటితే కొలవడం దండగ, కేసెట్ కూడా అయిపోయినట్టే. చైన్ అరుగుదల చూసే రెండు కొమ్ముల చవక చెకర్లు రోలర్ల వదులుని కూడా కలిపి కొలుస్తాయి, అందుకే కాస్త ముందే ‘మార్చు’ అంటాయి. అది మార్చమన్నప్పుడు స్కేలుతో ఇంకోసారి చూసుకో.

మనది డెల్టా, నేల బల్లపరుపు. నీ 11-28 కేసెట్‌లో వరసగా 11, 12, 13, 14, 15, 17, 19, 21, 23, 25, 28 పళ్ళున్నాయి. 50 పళ్ళ రింగు మీద నిమిషానికి 90 తొక్కుళ్ళతో 17లో ఉంటే గంటకి 33 కిలోమీటర్లు, 19లో ఉంటే 30. అంటే కరకట్ట మీదైనా, మంగళగిరి హైవే మీదైనా నువ్వు బతికేది ఆ రెండిట్లోనే. దూకేవీ అవే. కావాలంటే దుర్గ గుడి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఒక్కో గేరులో రెండేసి సార్లు లేచి నిలబడి తొక్కు, జాగ్రత్తగా. 25, 28 కొత్తవాటిలా పట్టుకుంటాయి, 17 మాత్రం కాలు జార్చేస్తుంది. కేసెట్ పోయింది అనేది సాధారణంగా రెండు మూడు పళ్ళచక్రాల చావే. ఒక్కటొక్కటిగా అమ్మే షాపు మనకి లేదు కాబట్టి మొత్తం కొనాల్సిందే.

షాపులో నీ మోడల్ కేసెట్ లేదంటే కంగారు పడకు. షిమానో కంపెనీ 11 స్పీడు రకాలైన 105, అల్టెగ్రా, డ్యూరా ఏస్‌లలో కేసెట్లు, చైన్లు ఒకదాని బదులు ఒకటి నడుస్తాయి. కేఎంసీ అనే వేరే కంపెనీ చైన్ కూడా నడుస్తుంది. చూడాల్సింది పెద్ద పళ్ళచక్రం. వెనక డీరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేది) వెనకవైపు ఎస్‌ఎస్ (పొట్టిది) అని ఉంటే ఆర్7000 తరం 105లో 30 పళ్ళ దాకానే, జీఎస్ (పొడుగుది) అని ఉంటే 34 దాకా. 11-32 దొరికింది కదా అని ఎస్‌ఎస్ మీద వేశావనుకో, పెద్ద పళ్ళచక్రం మీద ఉన్నప్పుడు డీరైలర్‌లోని పై చిన్న చక్రం పళ్ళకి రాసుకుంటుంది. కేసెట్ ఎక్కే ఫ్రీహబ్ కూడా చూడు: 11 స్పీడు బాడీ మీద 10 స్పీడు కేసెట్ వేస్తే వెనకాల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టాలి, లేకపోతే కేసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్ బిగించినా కేసెట్ ఊగుతుంది. ఇక షిమానోదే టియాగ్రా 4700 అనే రకం పది స్పీడే అయినా, దాని లివర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే పిడి) కేబుల్‌ని ఎంత లాగుతుందో ఆ కొలత పాత పది స్పీడుది కాదు. పాత డీరైలర్‌తో జత కుదరదు. చవగ్గా వస్తోందని ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

105 ఇప్పుడు 12 స్పీడుకి వెళ్ళిపోయింది, 2022లో కరెంటుతో గేర్లు మారేది, 2023లో కేబుల్‌తో మారేది. పాత తరానికి చైన్లు, కేసెట్లు ఇంకా చాలాకాలం వస్తాయి. ముందు కనుమరుగయ్యేవి లివర్లు, చైన్‌రింగులు. చైన్‌రింగ్ పక్కన పళ్ళ సంఖ్యతో పాటు రెండు అక్షరాలు చెక్కి ఉంటాయి. అవి రాసుకుని ఆర్డర్ పెట్టు, 50 పళ్ళది ఏదైతేనేం అనుకోకు. సెకండ్ హ్యాండ్ అల్టెగ్రా, డ్యూరా ఏస్ 11 స్పీడు క్రాంకులు (పెడల్ బిగించే చేతులు) ఎవరైనా ఇస్తానంటే ఒకటి గుర్తుంచుకో: 2019 జూలైకి ముందు తయారైన, రెండు ముక్కలు అతికించి చేసిన క్రాంకులు ఊడిపోయే ప్రమాదముందని 2023 సెప్టెంబరులో షిమానోనే తనిఖీకి పిలిచింది. నీ 105 క్రాంకు ఆ జాబితాలో లేదు.

అన్నిటికంటే ముందు కొనాల్సింది కేసెట్ కాదు, డీరైలర్ హ్యాంగర్. డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే, పిడికిట్లో పట్టే అల్యూమినియం ముక్క. సైకిల్ కుడి పక్కకి పడితే డీరైలర్‌ని కాపాడటానికి అది వంగుతుంది, లేదా విరుగుతుంది. ఒక ఫ్రేముది ఇంకో ఫ్రేముకి పట్టదు, అందుకే ఏ షాపూ అన్నీ పెట్టుకోదు. అది లేక నెల రోజులు గోడకి ఆనుకుని ఉన్న లక్షన్నర సైకిళ్ళు ఊళ్ళో ఉన్నాయి. రెండు తెప్పించి, ఒకటి సీటు కింద సంచిలోనే పడెయ్యి.

బేరింగుల గురించి అంత బెంగ అక్కర్లేదు. చక్రం మధ్య హబ్‌లో ఉండే సీల్డ్ బేరింగు మామూలు ఇండస్ట్రియల్ సరుకే. దాని మీద 6902 అనో 6802 అనో ఉంటుంది. ఆ నంబరు, చివర 2ఆర్‌ఎస్ అని చెప్పి ఆటోనగర్‌లో బేరింగుల షాపులో అడుగు. హ్యాండిల్ తిరిగే చోటుండే హెడ్‌సెట్ బేరింగులు మాత్రం వేరు, వాటి అంచు కోణం వాటి మీదే రాసి ఉంటుంది, 36/45 అనో 45/45 అనో. అవి బయటనుంచే తెప్పించాలి. ఎండాకాలం చెమట కారేది సూటిగా వాటి మీదకే, ఏడాదికోసారి విప్పి గ్రీజు పెట్టు.

అదే ఆటోనగర్‌లో ఒక ఉచ్చు ఉంది. ఏ షాపులో చూసినా డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ సీసాలే. షిమానో డిస్క్ బ్రేకులో పోసేది మినరల్ ఆయిల్. డాట్ పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకు లివర్, చక్రం దగ్గర ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ రెండూ పోతాయి. స్రామ్ అనే ఇంకో కంపెనీ వాళ్ళది ఎక్కువగా డాట్ 5.1. లివర్ మూత మీద రాసి ఉన్నదే పొయ్యి. ప్యాడ్ మందం అర మిల్లీమీటరుకి వస్తే తీసెయ్యి, రోటర్ (ప్యాడ్లు పట్టే డిస్క్) మందం కొత్తప్పుడు 1.8 ఉంటుంది, 1.5 దాకా వాడు.

గేరు కేబుల్ కుడి లివర్ లోపల, వైరు చివరుండే గుండు దగ్గర పోగులు పోగులుగా తెగుతుంది, బయటికి కనబడదు. గేర్లు బద్ధకంగా పడుతున్నాయి, సర్దినా రెండు రోజులకే మళ్ళీ అదే గోల అంటే అదే గుర్తు. ఆ వారమే మార్చు. పూర్తిగా తెగితే గుండు లోపల ఇరుక్కుని లివరే విప్పాల్సి వస్తుంది. గేరు ఇన్నర్ వైర్లు రెండు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. మామూలు సైకిల్ షాపు బ్రేకు వైరు దీనికి పట్టదు.

ట్యూబులు కూడా అంతే. మామూలు 28 అంగుళాల సైకిల్ టైరు రిమ్ కొలత 635, నీది 622. దాని వాల్వు నీ రిమ్ రంధ్రంలో దూరదు. ప్రెస్టా అనే సన్న వాల్వు ట్యూబులు రెండు, దాంతో ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంచుకో. అడాప్టర్ ఉంటే ఏ మోటార్‌సైకిల్ పంక్చర్ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. టైర్లు ఒక్క జత మించి దాచకు. రేకుల గదిలో రెండు వేసవులు ఉంటే రబ్బరు బీటలు వారుతుంది.

చైన్లు మాత్రం రెండు దాచు, చైన్ రెండు కొసల్ని కలిపే క్విక్ లింకులు నాలుగు. షిమానో క్విక్ లింకు ఒకసారి విప్పితే మళ్ళీ వాడేది కాదు. కొత్త చైన్ పొడవు పాతదాని పక్కన వేలాడదీసి కొయ్యకు, లింకులు లెక్కపెట్టు. పాతది పొడవు పెరిగి ఉంటుంది కదా. అక్షరాలున్న వైపు బయటికి ఉండాలి.

ఇసుక లారీలు తిరిగే కరకట్ట, వానకి నల్లరేగడి, ఈ రెండే మన చైన్లని తినేసేవి. ఇసుక నూనెలో కలిస్తే రుబ్బురోలే. వాన రైడు అయిన సాయంత్రమే కడిగి, తుడిచి, ఆరబెట్టు. ఉక్కకి తెల్లారేసరికి తుప్పు ఎక్కుతుంది. ఓపిక ఉంటే పారఫిన్ మైనం పట్టించు: చైన్‌ని ముందు పెట్రోలుతో, తర్వాత స్పిరిట్‌తో కడిగి ఫ్యాక్టరీ గ్రీజు మొత్తం పోగొట్టాలి. అర కిలో మైనం గిన్నెలో వేసి ఆ గిన్నెని నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించు, నేరుగా పొయ్యి మీద ఎప్పుడూ వద్దు. చైన్ వేశాక బుడగలు ఆగేదాకా ఉంచి తీసి వేలాడదీయి. ఎండ రోజుల్లో మూడొందల కిలోమీటర్లు వస్తుంది, వాన పడితే ఆ రైడుతోనే సరి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది: హ్యాంగర్ విప్పి, స్టీలు స్కేలు పక్కన పెట్టి, రెండు వైపులా ఫోటో తియ్యి. డీరైలర్ వెనక ఎస్‌ఎస్సా జీఎస్సా చూడు. చైన్‌రింగ్ మీద రెండక్షరాలు రాసుకో. ఆ మూడూ ఇవాళ రాత్రికి పంపు, నాతో పాటు నీకూ ఒకే ఆర్డర్‌లో పెట్టేస్తా.

మావయ్య