తక్కువ తిరిగిన కారుకి కూడా బ్రేక్ ఆయిల్ మార్చాలా?

ప్రశ్న: సార్, మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, కొని ఆరేళ్లయింది, తిరిగింది 28 వేల కిలోమీటర్లే. మెట్టుగూడ మెట్రో స్టేషన్ దాకా, ఆదివారం మా అమ్మ వాళ్లింటికి, అంతే. మొన్న సర్వీసింగ్‌కి ఇస్తే బ్రేక్ ఆయిల్ మార్చాలన్నారు. మా కాలనీ మెకానిక్కేమో డబ్బాలో నిండుగానే ఉందమ్మా, ఎందుకు దండగ అంటున్నాడు. మూత మీద డాట్ 3 అని ఉంది, రాణిగంజ్‌లో అడిగితే డాట్ 5 వేస్కోండి, ఇంకా మంచిది అన్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మార్పించేయండమ్మా, సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పిందే కరెక్ట్. ఇది బండి తిరిగితేనే పాడయ్యేది కాదు, బండి పార్కింగ్‌లో ఊరికే నిలబడ్డా పాడవుతుంది, ఎందుకంటే డాట్ 3, డాట్ 4 రెండూ గ్లైకాల్ రకం, వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో అలా గాల్లో తేమని లాక్కుంటూనే ఉంటాయి, చక్రాల దగ్గరుండే రబ్బర్ గొట్టాల్లోంచి కూడా నెమ్మదిగా తేమ ఎక్కుతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి లేదా ఇన్ని వేల కిలోమీటర్లకి, ఏది ముందైతే అది అని రాస్తాయి, మీ మాన్యువల్‌లో ఎంతుందో చూడండి. ఆరేళ్లంటే చాలా ఎక్కువ.

తేమ ఎక్కితే ఏమవుతుందంటే మరిగే వేడి పడిపోతుంది, అంటే తక్కువ వేడికే ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది, బ్రేక్ సరిగ్గా పట్టదు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, అందులో 3.7 శాతం నీళ్లు చేరితే అదే 140కి దిగిపోవచ్చు. డాట్ 4కి ఆ లెక్క 230, 155. పైగా నీళ్లు లోపల తుప్పు పట్టిస్తాయి. లెవెల్ నిండుగా ఉందన్న మాటకి వీటితో సంబంధమే లేదు, లెవెల్ తగ్గితే ప్యాడ్లు అరిగాయనో ఎక్కడో లీకుందనో అర్థం, అప్పుడు కూడా ఊరికే పైన పోసేసి ఊరుకోకూడదు, కారణం చూడాలి.

డాట్ 5 మాత్రం వద్దే వద్దు. అది సిలికాన్ రకం, గ్లైకాల్‌తో కలవదు, మీ బండికి పనికిరాదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాలే. నంబర్ పెద్దదైతే మంచిదనుకుంటే ఇక్కడే దెబ్బతింటారు. మీకు డాట్ 3 చాలు, మాన్యువల్ కాదనకపోతే డాట్ 4 పోసినా మంచిదే, మాములుగా ఇబ్బంది ఉండదు. కానీ మూత మీద డాట్ 4 ఉన్న బండికి డాట్ 3 దించకండి. సీల్ తీసిన పాత సీసా ఎవరన్నా చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు, మీ ముందే సీల్ తీయించండి.

ఇంకో మాట, దగ్గరుండి చేయించుకోండి. కొందరు పైన డబ్బాలోది సిరంజితో లాగేసి కొత్తది పోసి అయిపోయింది అంటారు, అసలు పాతదంతా పైపుల్లో, చక్రాల దగ్గర ప్యాడ్లని నొక్కే క్యాలిపర్లలో అలాగే ఉంటుంది. పద్ధతేంటంటే ఒకరు లోపల పెడల్ నొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కి సన్న ప్లాస్టిక్ గొట్టం తగిలించి స్పానర్‌తో కాస్త వదులు చేస్తారు, మట్టి రంగు ఆయిల్, ఒక్కోసారి బుడగలతో, గొట్టంలోంచి సీసాలోకి వస్తుంది, నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. తేటగా వచ్చేదాకా అలా నాలుగు చక్రాలకీ చేయాలి, మధ్యలో పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. ఖాళీ అయితే ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసేది) యూనిట్‌లోకి గాలెళ్లిపోతుంది, కొన్ని బండ్లకి ఆ గాలి తీయాలంటే కంప్యూటర్ స్కానర్ పెట్టాల్సి వస్తుంది. మీది పాత బండి కాబట్టి పెడల్‌ని నేలకి తాకేంతగా తొక్కనివ్వకండి, పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్‌లో రోజూ వాడని భాగానికి తుప్పు పట్టుంటే సీల్ చిరుగుతుంది, పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెడితే సరిపోతుంది.

ప్రశ్న: ఫ్యామిలీతో శ్రీశైలం వెళ్తుంటే ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగేటప్పుడు బ్రేక్ పెడల్ మెత్తగా అయిపోయి కిందికి పోయింది, ఎలాగోలా పక్కకి ఆపాం. అరగంట ఆగాక మళ్లీ మాములే. ఇప్పుడు సిటీలో బాగానే ఉంది, వదిలేయొచ్చా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: దయచేసి వదిలేయకండి. మీరు చెప్పిన దాన్ని బట్టి క్యాలిపర్ దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి పుట్టినట్టుంది, ఆయిల్ అయితే నొక్కితే నొక్కుడుపడదు, ఆవిరి నొక్కుడుపడిపోతుంది, మీ కాలి బలమంతా దాన్ని నొక్కడానికే పోయింది. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది కాబట్టి అంతా బాగైనట్టు అనిపిస్తుంది, లోపల తేమ మాత్రం అలాగే ఉంది, ఇంకో ఘాట్‌లో మళ్లీ అదే జరుగుతుంది. అదే పెడల్ గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే ప్యాడ్లు కాగిపోయినట్టు, అది వేరే సంగతి. ముందు లీకు, మాస్టర్ సిలిండర్ చూపించి మొత్తం ఆయిల్ మార్పించండి, అప్పటిదాకా ఘాట్ ఎక్కొద్దు.

దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టేసి కూర్చోకండి, ఏ గేర్లో ఎక్కుతారో ఆ గేర్లోనే దిగండి, ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్ మోడ్‌లో పెట్టండి, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. మళ్లీ ఎప్పుడైనా పెడల్ కిందికి పోతే టపటపా పంప్ చేయండి, గేర్లు ఒక్కొక్కటే దించండి, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగండి, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి తిరిగిపోతుంది. ఇంజిన్ మాత్రం ఆఫ్ చేయకండి.

ప్రశ్న: బ్రేక్ ఆయిల్ బానెట్ మీద ఒలికింది, పెయింట్ పోతుందా?
- ఒక పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: పోతుంది, వెంటనే నీళ్లు ధారాళంగా పోసి కడగండి. గుడ్డతో రుద్దకండి, ఇంకా పాకుతుంది.