ఏ జబ్బూ లేని రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి

విజయవాడ నుంచి చెన్నైకి మారామని, ఇంట్లో పది వారాల కుక్కపిల్ల ఉందని, వీధిలోనే మూడు పెట్ క్లినిక్కులు కనిపిస్తున్నాయని, పైగా తమిళం రాదని రాశారు. ఎవరిని నమ్మాలి, ఎప్పుడు పరుగెత్తాలి, ఏది ఇంట్లోనే చూసుకోవచ్చు అన్నవి మీ ప్రశ్నలు. మేము చెన్నైలోనే, పెరంబూరులో పదకొండేళ్లుగా ఉంటున్నాం. మొదటి కుక్కను కాపాడుకోలేకపోయాం. రెండోది, సున్నుండ, ఇప్పుడు నా కుర్చీ కిందే పడుకుని గురక పెడుతోంది. నాకు తెలిసిందంతా ఈ రెండింటి వల్ల తెలిసిందే.

మొదటిదాని సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మీ పిల్ల ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది. అమ్మినవాడు 'ఇంజెక్షను అయిపోయింది సార్' అని ఒక కార్డు చేతిలో పెట్టాడు. ముప్ఫై అయిదు రోజుల పిల్లకు వేసిన ఒకే ఒక్క టీకా అది. మేము నిశ్చింతగా రోజూ సాయంత్రం వీధిలో తిప్పాం. మూడో వారంలో తిండి మానేసింది, తెల్లారేసరికి వాంతులు, మధ్యాహ్నానికి నెత్తుటి విరేచనాలు. పార్వో అన్నారు, వైరస్ వల్ల వచ్చే పేగుల జబ్బు. దానికి నేరుగా పనిచేసే మందు అప్పుడు ఇక్కడ లేదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, ఒళ్లు తట్టుకునేదాకా కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. నాలుగో రోజు పోయింది.

తరువాత దొరికిన డాక్టరమ్మ నాకు ఈ లెక్క విప్పి చెప్పారు. తల్లి ముర్రుపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్లను కొన్నాళ్లు కాపాడుతుంది, కానీ అదే రక్షణ టీకాను కూడా పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో బయటినుంచి చూసి చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేదాకా అదే టీకాను మళ్లీ మళ్లీ వేస్తారు. డబ్బుల కోసం వేస్తున్నారని చాలామంది రెండోదానితో ఆపేస్తారు. అసలు పని చేసేది చాలాసార్లు ఆ చివరిదే. రేబిస్ టీకా పన్నెండు వారాలకు. ఏడాది నిండాక బూస్టరు, ఆ తరువాత డాక్టరు రాసిచ్చిన తేదీల ప్రకారం. మీ పిల్లకు వేసినవేమిటో మీరు రాయలేదు. అమ్మినవాడి కార్డు మీద సీసా లేబులు అంటించి లేకపోతే, వేయలేదనే అనుకుని డాక్టరును అడగండి.

ఒక్క మాట. మీరు ఇప్పుడు దిగిన ఇంట్లో లేదా ఆ మెట్ల మీద ఇంతకుముందు పార్వో వచ్చిన కుక్క ఉండేదేమో కనుక్కోండి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిలుకు చావదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి. మేము ఈ సంగతి తెలిసి, ఏడాది ఆగి సున్నుండను తెచ్చుకున్నాం.

ఇక డాక్టరును ఎంచుకోవడం. నా మొదటి సలహా వింతగా ఉండవచ్చు: పిల్ల హాయిగా గంతులేస్తున్న రోజున వెళ్లండి. బరువు తూయించండి, చిగుళ్లు, చెవులు, పళ్లు చూపించండి, ఫీజు ఇచ్చి వచ్చేయండి. మా డాక్టరమ్మ నాలుగు వందలు తీసుకుంటారు. ఆ నాలుగు వందలకు మీకు రెండు దొరుకుతాయి. డాక్టరు చేయి మీకు తెలుస్తుంది. మీ కుక్క బాగున్నప్పుడు ఎలా ఉంటుందో ఆ డాక్టరుకు తెలుస్తుంది. రెండోదే నాకు ముఖ్యం, ఎందుకో కిందకు వచ్చాక చెబుతాను.

చేయి అంటే ఏమిటి? మేము తొలుత వెళ్లిన క్లినిక్కు ఒక పెట్ షాపు వెనక గదిలో ఉండేది. మేము లోపలికి అడుగు పెట్టేటప్పటికే సిరంజిలో మందు నింపి ఉంది. ఏ సీసాలోది అని అడిగితే 'నమ్మకం లేకపోతే ఎందుకు వచ్చారు' అన్నాడు. ఇప్పుడైతే ఏం చూడాలో తెలుసు. టీకా ఫ్రిజ్‌లోంచి బయటికి రావాలి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచకపోతే అది పనికిరాదు. పొడి ఉన్న సీసాను మన ఎదుటే కలపాలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న లేబులును ఒలిచి మన పుస్తకంలో అంటించి, సంతకం చేసి, తేదీ వేయాలి. చెన్నై ఎండలో, కరెంటు పోయే వేసవిలో ఫ్రిజ్ సంగతి అడగడం అనుమానం కాదు. మంచి డాక్టరు అడిగితే సంతోషిస్తారు. గోడమీద బి.వి.ఎస్సి. పట్టా, రాష్ట్ర పశువైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. షాపులో తెల్లకోటు తొడుక్కున్న ప్రతివాడూ డాక్టరు కాడు.

మా డాక్టరమ్మ గదిలో బల్ల మీద రబ్బరు చాప ఉంటుంది. చిన్న సంగతే. స్టీలు బల్ల మీద కుక్క కాళ్లు జారితే అది జన్మలో ఆ గదిలోకి రాదు. ఆవిడ మొదట నేలమీద కూర్చుంటారు, కుక్కను తనను వాసన చూడనిస్తారు, ఆ తరువాతే చేయి వేస్తారు. సున్నుండ పేరు ఆవిడ కాంపౌండరుకు ఎన్నడూ నోరు తిరగలేదు, రిజిస్టరులో 'చున్నుండా' అనే ఉంది. భాష గురించి బెంగ వద్దు. వాంతి, బేది రెండూ రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. పిడుదులను ఇక్కడ 'ఉణ్ణి' అంటారు, టీకాను 'తడుప్పూసి'. ఈ రెండు మాటలు పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగిలిన సగానికి ఫోనులో తీసిన వీడియో చాలు. దగ్గినా, కుంటినా, వణికినా ముందు వీడియో తీయండి. క్లినిక్కు గడప తొక్కగానే కుక్కలన్నీ బాగైపోతాయి.

పిడుదుల దగ్గరకు వచ్చాం కాబట్టి కాస్త ఆగుతాను. ఈ ఊళ్లో కుక్కకు అసలు శత్రువు ఇదే. మన ఊళ్లలో గోమార్లు అని కూడా అంటారు. ఇక్కడి వేడికి, ఉక్కకు ఏడాది పొడవునా ఉంటాయి. కుక్క ఒంటి మీద మీకు కనిపించేవి కొన్నే, మిగిలినవి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో, మంచం కోళ్ల దగ్గర ఉంటాయి. ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు మాత్రమే మందు వేసి ఇంటిని వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి.

సున్నుండకు మూడేళ్లప్పుడు మే నెలలో తిండి కాస్త తగ్గింది. కత్తిరి ఎండలు కదా, మనకే తినాలనిపించదు అనుకున్నాం. మా అత్తగారు పెరుగన్నం కలిపి పెడితే నాకింది. ఏమీ లేదనుకుంటూనే, గోళ్లు కత్తిరించే నెల కాబట్టి క్లినిక్కుకు తీసుకెళ్లాం. బల్ల మీద తూస్తే 12.9 కిలోలు. డాక్టరమ్మ పాత కాగితం తిప్పారు. అంతకు ముందు మూడుసార్లూ 14 పైనే ఉంది. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. 'ఇవి ఎప్పుడూ గులాబీ రంగులో ఉండేవి, ఇప్పుడు చూడండి' అన్నారు. నాకు తేడా తెలియలేదు, నిజం చెబుతున్నాను. రోజూ చూసే కళ్లకు మెల్లగా వచ్చే మార్పు కనిపించదు. రక్తం తీసి పంపితే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. ఎర్లికియా, పిడుదుల జ్వరం. ఇంట్లో ఒక్క పిడుదును కూడా మేము చూసి ఉండలేదు.

అప్పుడు ఆవిడ చేసిన పని వల్లే నాకు ఆవిడ మీద గురి కుదిరింది. డాక్సీసైక్లిన్ మాత్రలు మొదలుపెట్టి, 'రక్తం ఎక్కించాల్సి వస్తే ఇక్కడ నా వల్ల కాదు, రేపు పొద్దున్నే వేపేరికి వెళ్లండి' అని ఉత్తరం రాసిచ్చారు. వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఉంది, 1903లో మొదలైన సంస్థ. దానికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో స్కానింగ్, ఆపరేషన్లు, కుక్కల కోసం రక్తనిధి కూడా ఉన్నాయి. ఖర్చు ప్రైవేటు కంటే బాగా తక్కువ. కాకపోతే ఓపిక కావాలి. తెల్లవారకముందే బయలుదేరాం. మా ముందు ఒక మేక, పంజరంలో చిలుక, ఇద్దరు మనుషులు పట్టుకున్నా ఆగని ఒక రాట్‌వైలర్. ఆ రాట్‌వైలర్ మూతికి చిక్కం కట్టి ఉంది కానీ దాని యజమాని నోటికి లేదు, వరుస గురించి అందరితో గొడవే. పాత బరువులు, టీకాలు, రక్తపరీక్ష అన్నీ ఒకే పుస్తకంలో ఉండటంతో అక్కడి కుర్ర డాక్టర్లు అయిదు నిమిషాల్లో విషయం అందుకున్నారు. చివరికి రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. నాలుగు వారాలు మాత్రలు మింగించాం. మింగించడం మాట అలా ఉంచండి, ఇడ్లీలో పెట్టి మోసం చేశాం.

బ్యాంకు క్యాషు కౌంటరులో ముప్ఫై ఏళ్లు కూర్చున్నవాణ్ణి, ప్రతిదానికీ ఖాతా పెట్టే జబ్బు నాది. ఈ ఒక్క విషయంలో ఆ జబ్బును మీరూ అంటించుకోండి. నెలకొకసారి బరువు, తిండి ఎంత తింటోంది, నట్టల మందు వేసిన తేదీ. పిల్ల కాబట్టి నట్టల మందు మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకొకసారి, ఆరు నెలల దాకా నెలకొకసారి, తరువాత మూడు నెలలకొకసారి. మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి, పక్కింటి కుక్క సీసాలోంచి పోయకండి.

ఇంట్లో చేసుకోగలవి చాలా ఉన్నాయి. పిడుదు కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరోసిన్, అగరుబత్తి వైద్యాలు వద్దు. గోళ్లు మొదటిసారి క్లినిక్కులో కత్తిరించడం చూసి నేర్చుకోండి. నల్లగోళ్లలో నరం కనిపించదు కాబట్టి కొంచెం కొంచెంగా తీయాలి, రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది నొక్కి పట్టుకోండి. మన సబ్బు వద్దు, వారంవారం స్నానమూ వద్దు. చెవిలోకి దూది పుల్లలు దూర్చకండి. నడిపించేది ఎండ ఎక్కకముందు, దిగాక. తారు రోడ్డు మీద మీ అరచేయి అయిదు సెకన్లు ఆనించలేకపోతే అది దాని పాదాలకూ వేడే.

తిండి గురించి మా అత్తగారితో నాకు ఇప్పటికీ యుద్ధమే. పెరుగన్నం విషం కాదు, కానీ అదొక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు. సాంబారు, పులుసు కలిపిన అన్నం మాత్రం వద్దే వద్దు, ఉల్లి వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా కుక్కకు విషమే. పాయసం గిన్నె నాకించే ముందు కిస్‌మిస్ గుర్తుంచుకోండి. ఉడికిన ఎముకలు చీలి గుచ్చుకుంటాయి.

మన మందుల డబ్బాలోంచి ఏదీ ఇవ్వకండి. కుక్క ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీలు ఉంటుంది. చేత్తో ముట్టుకుని జ్వరమనుకుని ఇబుప్రొఫెన్ వేసి కిడ్నీలు పోగొట్టినవాళ్లను క్లినిక్కు బెంచీ మీద చూశాను. పిల్లికైతే ఒక్క పారాసెటమాల్ మాత్ర ప్రాణం తీయగలదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే, కుక్కలకని అమ్మే పిడుదుల చుక్కల మందు దానికి తగలనివ్వకండి. అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి విషం.

రాత్రి అని చూడకుండా పరుగెత్తవలసినవి: ఉచ్చ పోయలేక ముక్కడం, పొట్ట ఉబ్బి వట్టిగా వాంతికి ప్రయత్నించడం, ఫిట్సు, చిగుళ్లు తెల్లబడటం, ఎండలో ఆగకుండా రొప్పడం, పిల్ల పూటంతా ఏమీ తాగకపోవడం. మీ దగ్గరి క్లినిక్కు రాత్రి తొమ్మిదికి మూసేస్తే, ఆ తరువాత ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడే ఆ డాక్టరును అడిగి, నంబరు ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

లైసెన్సు మాట కూడా చెప్పాలి. చెన్నై కార్పొరేషన్‌లో పెంపుడు కుక్కకు లైసెన్సు తప్పనిసరి. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, దానికి రేబిస్ టీకా పత్రం కావాలి. 2025లో మైక్రోచిప్ (కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) విషయంలో కూడా గట్టిగా పట్టుబట్టారు, లైసెన్సు లేకపోతే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అందువల్ల కూడా సంతకం, లేబులు ఉన్న టీకా పుస్తకం కావాలి. పిల్ల ఆటలో కొరికినా, వీధి కుక్క ఎవరినైనా కరిచినా, గాయాన్ని కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు మనుషుల ఆసుపత్రికి వెళ్లండి. మా కుక్కకు టీకా ఉంది కదా అని మీరే తీర్పు చెప్పుకోకండి.

మీ పిల్లకు పది వారాలంటే రేబిస్ టీకాకు ఇంకా రెండు వారాలుంది. ఈలోపు ఆ మూడు క్లినిక్కుల్లో ఒకదానికి ఊరికే వెళ్లి బరువు తూయించుకు రండి. వెళ్లేటప్పుడు చేతుల్లో ఎత్తుకుని వెళ్లండి, అక్కడి నేలమీద దించకండి. జబ్బు కుక్కలు నిలబడే చోటు అది. టీకా వేసిన రోజు ఓ ఇరవై నిమిషాలు అక్కడే బయట కూర్చుని, మొహం వాపు, దద్దుర్లు రాలేదని చూసుకున్నాకే ఆటో పిలవండి.