కీమో తీసుకుంటున్న అబ్బాయికి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం చదవాల్సినవాడు. నాలుగు నెలల కిందట ఏఎల్‌ఎల్ రకం రక్తక్యాన్సర్ అని తేలింది. విజయవాడలో ప్రభుత్వ వైద్యసేవ పథకం కింద కీమో చేయిస్తున్నాం. పది రోజుల కిందట ఒక విడత ఎక్కించారు. మొన్న రెండు రోజులు జ్వరం వచ్చి, 650 బిళ్ళలు వేస్తే తగ్గింది. ఎండలకేమో అనుకున్నాం. కాళ్ల నొప్పులంటే మెడికల్ షాపులో అడిగి బిళ్ళలు తెచ్చి వేశాను. వైద్యం ఉచితమే అయినా కారు కిరాయిలకు, బయట మందులకు అప్పులయ్యాయి. ఏ ట్రస్టు వారిని అడిగితే సాయం చేస్తారు? ఫోన్లో ఫొటో పెట్టి విరాళాలు అడుగుదామంటే వాడు ఒప్పుకోవడం లేదు. ఖర్చవుతుందని జ్వరం సంగతి కూడా మర్నాటిదాకా చెప్పలేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది ట్రస్టుల గురించి. ఆ సంగతి తరువాత చెబుతాను. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన జ్వరమే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. అబ్బాయి రిపోర్టులేవీ నా ముందు లేవు కనుక నేను రాసేది సాధారణ సూచన మాత్రమే. మందుల విషయంలో తుది మాట మీ డాక్టర్‌దే. అయినా ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఇప్పుడు జ్వరం లేకపోయినా సరే, కీమో ఇస్తున్న ఆసుపత్రికి ఈ రోజే ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పి, వారు రమ్మంటే వెంటనే తీసుకెళ్లండి. రక్తకణాల పరీక్ష, అంటే సీబీపీ, చేయవలసి రావచ్చు.

కీమో ఎక్కించిన తరువాత సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్లకణాలు బాగా పడిపోతుంటాయి. మీ అబ్బాయికి జ్వరం వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి మైక్రోలీటరుకు 500 కంటే తగ్గినప్పుడు, మామూలుగా మన పేగుల్లోనూ చర్మం మీదా ఊరికే పడి ఉండే సూక్ష్మజీవులు కూడా రక్తంలోకి చేరి, కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తేగలవు. పైగా చీము పట్టడానికి, వాపు రావడానికి కావలసిన కణాలే లేనప్పుడు లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా పైకి కనిపించదు. చాలాసార్లు కనిపించే గుర్తు జ్వరం ఒక్కటే. పారాసిటమాల్ బిళ్ళ ఆ గుర్తును చెరిపేస్తుంది గానీ ఇన్‌ఫెక్షన్‌ను తగ్గించదు. జ్వరం తగ్గిందని మీరు ఊరట పడిన ఆ రెండు రోజులూ అబ్బాయి ప్రాణగండంలోనే ఉన్నాడని నేను అనుకుంటున్నాను. మన బెజవాడ, గుంటూరు ఎండలకు ఒళ్లు వేడెక్కడం నిజమే. కానీ కీమోలో ఉన్నవారికి ఎండదెబ్బ అనే నిర్ధారణ ఇంట్లో చేయకూడదు.

ఇక ముందు థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, అది అర్ధరాత్రి అయినా సరే, బిళ్ళ వేయకుండా ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఇలాంటి జ్వరంతో వచ్చినవారికి గంటలోపు నరానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్నది మేము పాటించే నియమం. దారిలో జాప్యమైతే ఆ నియమం ఎంత గట్టిదైనా ఉపయోగం ఉండదు. కీమో ఎక్కించడానికి చేతి నరంలో ఉంచే సన్నని గొట్టం (పిక్ లైన్) గానీ, ఛాతీలో చర్మం కింద అమర్చే కీమో పోర్టు గానీ ఉంటే, దాన్ని శుభ్రం చేసిన తరువాత చలి, వణుకు వచ్చినా అదే తొందర చూపాలి. ఆర్‌ఎంపీ చేత నడుముకు సూది వేయించవద్దు; రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు అక్కడ లోపల రక్తం కారి గడ్డలా చేరి, ఆపై చీము పట్టవచ్చు. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పట్టించే బొప్పాయి ఆకుల రసం గురించి మీరు రాయలేదు గానీ, పది ఇళ్లలో ఎనిమిదిళ్లు అది పట్టించాకే మా దగ్గరికి వస్తున్నారు కనుక అదీ వద్దని చెబుతున్నాను.

మెడికల్ షాపు బిళ్ళల విషయంలో మిమ్మల్ని కాస్త కోప్పడక తప్పదు. ఒంటి నొప్పులకు షాపులో చేతికిచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్ కోవకు చెందినవి. అవి ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి, మూత్రపిండాలకు భారమవుతాయి, ఈ జబ్బు చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ అనే మందు ఒంట్లోంచి పోకుండా నిలిచిపోయేలా చేసి దాని విషప్రభావాన్ని పెంచగలవు. కాళ్ల నొప్పికి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు కారణం కావచ్చు. ఈ చికిత్సలోనే ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల తుంటి ఎముకకు రక్తప్రసారం తగ్గడం కూడా కావచ్చు. ఇది చిన్నపిల్లల కంటే ఈ వయసు వారిలోనే ఎక్కువగా చూస్తాం. అబ్బాయి కుంటుతున్నాడా, నొప్పి గజ్జల దగ్గరా, మోకాలి దగ్గరా అన్నది గమనించి డాక్టర్‌కు చెప్పండి.

అబ్బాయి జ్వరాన్ని ఎందుకు దాచాడో మీరే రాశారు. ఈ వయసు పిల్లల్లో ఇది కొత్త కాదు. మా దగ్గర చికిత్స తీసుకున్న ఒక పదహారేళ్ల కుర్రాడు, నాన్న ఎద్దులు అమ్మాడని తెలిశాక నొప్పి గురించి నోరెత్తడం మానేశాడు. చిన్నపిల్లవాడైతే ఏడ్చి చెబుతాడు. వీడికి ఇంట్లో అప్పుల మాటలన్నీ వినిపిస్తాయి. అందుకే సాయం ఎవరు చేసినా, అందులో మొట్టమొదట రాత్రివేళ కారు కిరాయికి సరిపడా డబ్బు ఆసుపత్రి ఫైలులోనే ఒక కవరులో పెట్టి, అది ఎక్కడుందో వాడికి చూపించండి. ఒక డిజిటల్ థర్మామీటరు కూడా వాడి చేతికే ఇవ్వండి.

సాయం సంగతికి వస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో బయట కొనమంటున్న మందులు, పరీక్షలు వర్తిస్తాయా అని ముందు ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే వైద్యమిత్రను గానీ, 104 నంబరులో గానీ అడగండి. వర్తించని ఖర్చులకు అసలు బిల్లులతో ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రంతో రైలు రెండో తరగతిలో రోగికీ, తోడు వెళ్లేవారికీ 75 శాతం రాయితీ ఉంది. తెల్లకణాల కౌంట్ పడిపోయిన రోజుల్లో మాత్రం రద్దీ బండి ఎక్కించకండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం మీకు దగ్గర. చికిత్స మధ్యలో ఆసుపత్రి మార్చమని నేను అనడం లేదు, మధ్యలో చేసే పరీక్షలకైనా అక్కడ వీలవుతుందేమో మీ డాక్టర్‌తో మాట్లాడి చూడండి. క్యాన్‌కిడ్స్ వంటి పిల్లల క్యాన్సర్ సంస్థలను అడిగేటప్పుడు వయోపరిమితి ఎంతో ముందే కనుక్కోండి. పదిహేడేళ్లవాడు అటు పిల్లల లెక్కలోకీ ఇటు పెద్దల లెక్కలోకీ రాక రెంటికీ చెడ్డ రేవడి అవుతుంటాడు, కనుక పద్దెనిమిది నిండేదాకా ఆగకుండా దరఖాస్తు పెట్టండి. సాయం ఇప్పిస్తామని ముందుగా కమిషన్ అడిగేవారిని నమ్మవద్దు.

ఫొటో విషయంలో అబ్బాయి మాటే నెగ్గనివ్వండి. రేపు తిరిగి కాలేజీకి వెళ్లవలసినవాడు వాడు. ఫొటో లేకుండా డాక్టర్ ధ్రువపత్రంతోనే సాయం చేసే దాతలను ముందు అడగండి.

ఈ దరఖాస్తుల పని రేపు చూసుకోవచ్చు, ఆసుపత్రికి ఫోన్ మాత్రం ఇప్పుడే చేయండి. వెళ్లేటప్పుడు ఆ నొప్పి బిళ్ళల అట్టను పారేయకుండా వెంట తీసుకెళ్లి చూపించండి.

– మెడికల్ ఆంకాలజిస్ట్, విజయవాడ