ఆఫ్రికా పల్లె బడికి మూడు నెలలు వాలంటీర్‌గా వెళ్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

మీరు బీఈడీ చేశానని, ఆఫ్రికాలో ఏదైనా పల్లె బడిలో మూడు నెలలు ఉండి చిన్నపిల్లలకు చదవడం నేర్పాలని, వీలైతే అక్కడి టీచర్లకు ట్రైనింగ్ కూడా ఇవ్వాలని ఉందన్నారు. వెళ్తే ఉపయోగం ఉంటుందా, ముందు ఏం నేర్చుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి అన్నవి మీ ప్రశ్నలు.

ఆఫ్రికా అంతా నాకు తెలియదు. నాకు తెలిసింది ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావి అనే దేశం, అందులోనూ డెడ్జా జిల్లాలో ఒక బడి. అనంతపురం జిల్లాలో ఆరేళ్లు ఒకటో తరగతికి చెప్పాక, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున 2018 సెప్టెంబర్‌లో వెళ్లి 2019 జూలై దాకా ఉన్నాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. మూడు నెలల్లో మీరు అక్కడి ఒకటో తరగతి పిల్లలకు చదవడం నేర్పలేరు. మీకు చేతకాక కాదు. నేను చూసిన బళ్లలో మొదటి నాలుగు తరగతులు చిచెవా భాషలో నడిచేవి. మీకు చిచెవా రాదు. తెలుగు ముక్క రాని మనిషి మన ఊరి బడికి వచ్చి పిల్లల చేత అఆలు దిద్దిస్తానంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. పిల్లలు మీ చుట్టూ మూగుతారు, చేతులు పట్టుకుంటారు, ఫొటోలు బాగా వస్తాయి. చదువు మాత్రం రాదు. మీరు చేయగల పని పిల్లల ముందు నిలబడి చేసేది కాదు, టీచర్ పక్కన కూర్చుని చేసేది. ఈ సంగతి నాకు అర్థం కావడానికే రెండు నెలలు పట్టింది.

మొదటి రోజు ఒకటో తరగతి యూకలిప్టస్ చెట్టు కింద ఉంది. బోర్డు చెట్టుకు ఆనించి ఉంది. పిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూట ముప్పై దాటాక వాళ్లు కదిలిపోతుంటే వదిలేశాను. టీచర్ ఒక్కరే. 1994లో మలావి ప్రభుత్వం ప్రాథమిక విద్యను ఉచితం చేసింది. ఒక్క ఏడాదిలో పది లక్షల దాకా కొత్త పిల్లలు బడుల్లోకి వచ్చారు. గదులు, టీచర్లు అంత వేగంగా రాలేదు, ఆ కొరత ఇప్పటికీ తీరలేదు. కాబట్టి "అక్కడ టీచర్లు సరిగ్గా చెప్పరు" అని ఎవరైనా అంటే నమ్మకండి. నూట ముప్పై మందిని పొద్దున ఏడున్నర నుంచి కూర్చోబెట్టడమే పెద్ద విద్య. అది నాకు రాదు, ఆవిడకు వచ్చు.

ఆవిడ బోర్డు మీద మ, మె, మి, మొ, ము అని రాసి బెత్తంతో చూపిస్తుంటే పిల్లలంతా రాగం తీసి అరుస్తున్నారు. నాకు ఒక్కసారిగా మా బడి గుర్తొచ్చింది. ఇది గుణింతమే కదా! తర్వాత క, కె, కి, కొ, కు. చిచెవాలో ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, దాదాపు తెలుగు లాగానే. ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తారు కానీ ఇంగ్లిష్ స్పెల్లింగ్ గొడవ లేదు, పలికినట్టే రాస్తారు. అక్షరాన్ని చూసి సిలబుల్ పలకడం వచ్చిన పిల్లాడికి చదవడం దాదాపు వచ్చినట్టే. మాటలు కలగాపులగం చేసుకుంటూ నేనూ పిల్లలతో పాటే అక్షరాలు నేర్చుకున్నాను.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక చిన్న లాభం ఉంది. చిచెవాలో ప వేరు, ఒత్తు ప వేరు. క-ఖ, త-థ కూడా అంతే. 'మ్పక' అంటే 'దాకా', అదే ఒత్తు ప పెట్టి పలికితే పిల్లి. నాతో ఉన్న ఇంగ్లండ్ అమ్మాయికి ఈ తేడా చెవికి ఆనేదే కాదు, పాపం. మనకు పుట్టుకతోనే వినిపిస్తుంది. మన అక్షరమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న ఙ ఉంది చూశారా, అక్కడ ఆవు పేరే దానితో మొదలవుతుంది: ఙోంబె. చిన్నప్పుడు ఈ అక్షరం ఎందుకని మా మాస్టారిని అడిగితే దెబ్బ పడింది. జవాబు మలావిలో దొరికింది.

మర్యాద కూడా మన లెక్కే. 'ఇవె' అంటే నువ్వు, 'ఇను' అంటే మీరు. నేను మొదటి వారం హెడ్మాస్టర్ గారిని ఇవె అనేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ స్టాఫ్ రూమ్‌లో ఎవరూ నవ్వలేదు. వెళ్లే ముందు ఇంకేం నేర్చుకోకపోయినా ఈ రెండు మాటలు నేర్చుకోండి.

ఇక గుణింతం దగ్గరే తేడా ఎక్కడుందో చెప్తాను. పిల్లలు వరుసగా అరుస్తారు, బ్రహ్మాండంగా. బెత్తాన్ని వరుస తప్పించి 'మొ' మీద పెడితే సగం మంది 'మ' అంటారు, మిగతావాళ్లు పక్కవాడి నోరు చూస్తారు. మన దగ్గరా ఇంతే కదా. క కా కి కీ అని కళ్లు మూసుకుని అప్పజెప్పే పిల్లాడికి, 'కో' ఒక్కటే రాసి చూపిస్తే మొదటి నుంచి పాడుకుంటూ వస్తాడు. అది చదవడం కాదు, పాట. ఈ విషయం ఒక టీచర్‌గా నాకు తెలుసు. అయితే దాన్ని చెప్పడంలోనే బోల్తా పడ్డాను.

అక్టోబర్‌లో ఒక శనివారం ఐదు బళ్ల టీచర్లను పిలిచి ట్రైనింగ్ పెట్టాను. ఇంగ్లిష్‌లో నాలుగు గంటలు చెప్పాను. చార్టులు, గ్రూపులు, ఆటలు, ఉన్న హంగులన్నీ పెట్టాను. అందరూ రాసుకున్నారు, చప్పట్లు కొట్టారు, చివర్లో ఒక పెద్దాయన లేచి థాంక్స్ చెప్పారు. సోమవారం వెళ్లి చూస్తే చెట్టు కింద అదే బెత్తం, అదే పాట. ఒక్క ముక్క మారలేదు.

ఆ శనివారమే ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది: అలవెన్స్. మీటింగ్ అయ్యాక ముగ్గురు టీచర్లు వచ్చి ఎంత ఇస్తారని అడిగారు. నేను నొచ్చుకున్నాను. ఫాంటా, బన్ను తప్ప మా బడ్జెట్‌లో ఏమీ లేదు. మేమింత దూరం ఊరికే వస్తే వీళ్లు డబ్బులడుగుతారా అనిపించింది. తర్వాత తెలిసింది, వాళ్లలో ఒకరు తొమ్మిది కిలోమీటర్లు నడిచి వచ్చారు. అక్టోబర్ అంటే వానకు ముందు చేను తయారు చేసుకునే కాలం. జీతం ఒక్కదానితో ఇల్లు గడవదు కాబట్టి టీచర్లు కూడా మొక్కజొన్న వేసుకుంటారు. ఆయన ఆ రోజు పొలం పని వదిలి నా ఇంగ్లిష్ వినడానికి వచ్చారు. పైగా పెద్ద ప్రాజెక్టుల ట్రైనింగులకు వెళ్తే అలవెన్స్ ఇవ్వడం ఏళ్ల నుంచి ఉన్న అలవాటు. అడగడంలో తప్పేముంది? మనం ఎన్నికల డ్యూటీకి వెళ్తే రెమ్యునరేషన్ అడగమా?

ఆ తర్వాత శనివారాలు మానేశాను. నోట్ పుస్తకం పట్టుకుని ఒకటో తరగతి వెనక కూర్చున్నాను, రెండు వారాలు. ఏమీ మాట్లాడలేదు. మూడో వారం బ్రేక్‌లో టీచర్‌తో ఒకే ఒక్క మాట అన్నాను: రేపు వరుస తప్పించి అడిగి చూద్దామా అని. ఆవిడ మర్నాడు అడిగారు. పిల్లలు తడబడ్డారు. ఆవిడ నా వైపు తిరిగి, "మేడమ్, వీళ్లు నన్ను మోసం చేస్తున్నారు" అన్నారు, నవ్వుతూ. పని నిజంగా మొదలైంది ఆ రోజే. నాలుగు గంటల లెక్చర్ కదల్చలేనిదాన్ని ఆవిడ తన కళ్లతో చూసిన ఒక్క నిమిషం కదిల్చింది.

అక్కడి నుంచి పద్ధతులన్నీ ఆవిడవే. టలులార్ అనే మాట మలావి టీచర్లందరికీ తెలుసు, ట్రైనింగ్ కాలేజీలోనే నేర్పుతారు. చుట్టుపక్కల దొరికే వాటితోనే బోధన సామగ్రి చేసుకోవడం అన్నమాట. ఫాంటా సీసాల మూతలు పోగేసి లోపలి వైపు సిలబుల్స్ రాశాం. పిండి బస్తాలు కోసి చార్టులు చేశాం. అట్టలు అంటించడానికి జిగురు కర్రపెండలం పిండితో కాచేవాళ్లు. నూట ముప్పై మందిని గ్రూపులు చేయడం ఎలా అని నేను తల పట్టుకుంటే, ఆవిడ నాలుగో తరగతిలో బాగా చదివే పిల్లల్ని పది గంటలకు అరగంట అప్పు తెచ్చారు. ఒక్కొక్కరికి పదిమంది చిన్నవాళ్లు, ఒక గుప్పెడు మూతలు. గోల గోల. కానీ ఆ గోలలో ప్రతి పిల్లాడికీ ఒకసారైనా ఒంటరిగా చదివే వంతు వచ్చేది. అంతకుముందు వారమంతా కూర్చున్నా వచ్చేది కాదు.

పెద్ద తరగతుల్లో చదవడం రాని పిల్లల సంగతి వేరే. వాళ్లకు మన దేశం పద్ధతే పనికొచ్చింది. 1995లో ముంబైలో మొదలైన ప్రథమ్ సంస్థ, పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదివే స్థాయిని బట్టి గ్రూపులు చేసి చెప్పే పద్ధతిని పెంచింది. పక్క దేశం జాంబియాలో ప్రభుత్వమే 2016 నుంచి 'క్యాచ్ అప్' పేరుతో దాన్ని బడుల్లో మొదలుపెట్టింది. ఒకే ఒక్క కాగితం మీద అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. పిల్లాడు ఎక్కడ ఆగితే అక్కడి నుంచి చెప్పాలి. మేం చిచెవాలో అలాంటి కాగితం ఒకటి రాసుకున్నాం. ఇక్కడ ఒక జాగ్రత్త: నిమిషానికి ఎన్ని మాటలు చదివారని ఇంగ్లిష్‌తో పోల్చి లెక్క కట్టకండి. 'నాకు తెలియదు' అనడానికి చిచెవాలో ఒకటే మాట, సిండికుడ్జివా. మన 'రాలేకపోయానంటే' లాంటిది. అలాంటి మాట ఒకటి చదివితే ఇంగ్లిష్‌లో మూడు చదివినట్టే.

చదవడానికి కథలు లేకపోవడం మరో సమస్య. టెక్స్ట్ బుక్ నలుగురికి ఒకటి కూడా వచ్చేది కాదు. బడి దగ్గర మదర్ గ్రూప్ అని తల్లుల సంఘం ఉంటుంది, ఆడపిల్లలు బడి మానకుండా చూసుకునేది. ఆ అమ్మలకు వచ్చిన కథలకు లెక్కే లేదు. న్థానో అంటారు, మన పేదరాశి పెద్దమ్మ కథల్లాంటివి. అందులో కలూలు అనే కుందేలు అందరినీ బురిడీ కొట్టిస్తుంది, ఫిసి అనే దుమ్ములగొండి ప్రతిసారీ మోసపోతుంది. మధ్యలో పాట వస్తే వినేవాళ్లంతా అందుకోవాలి. శుక్రవారం ఒకమ్మ కథ చెప్తే టీచర్ దాన్ని ఆరు వాక్యాల్లో బస్తా మీద రాసేవారు. సోమవారం అదే పాఠం. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లలు మాట ఊహించి చదివేవాళ్లు, తర్వాత నిజంగానే చదివేవాళ్లు. ఇప్పుడైతే ఫోన్ ఉన్న టీచర్‌కు ఆఫ్రికన్ స్టోరీబుక్ సైట్‌లో ఉచితంగా దొరికే బొమ్మల కథలు చూపించండి.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో మీ ప్లాన్లేవీ నడవవు, ముందే చెప్తున్నాను. పాత మొక్కజొన్న అయిపోయి, కొత్తది ఇంకా చేతికి రాని కాలం అది. పిల్లలు ఆకలితో వస్తారు, లేదా రారు. ఉదయం గంజి పెట్టే బడికీ, పెట్టని బడికీ హాజరులో తేడా కంటికే కనిపించేది. ఆ నెలల్లో కొత్త పాఠం ఎందుకు సాగలేదని టీచర్‌ని అడగకండి.

నేను వచ్చేశాక ఏం మిగిలింది? పూర్తిగా సంతోషించే కథ కాదు. ఒకటో తరగతి మేడమ్‌కు మరుసటి ఏడాదే బదిలీ అయింది. బస్తా చార్టుల్లో సగం చెదలు తినేశాయి. నిలబడింది ఒక కుర్రాడు. సెకండరీ పరీక్ష పాసై, ఉద్యోగం రాక, ఊళ్లోవాళ్లు చందా వేసి ఇచ్చే కొద్ది డబ్బుతో ఆ బడిలోనే పాఠాలు చెప్పేవాడు. అతనూ వాలంటీరే, కానీ ఆ ఊరివాడు, విమానం ఎక్కి వెళ్లిపోడు. నా పదకొండు నెలల్లో ఎక్కువ కాలం అతనితో గడపలేదని ఇప్పటికీ బాధ. మీకు మూడు నెలలే ఉంటే అలాంటివాళ్లు ఇద్దరిని వెతికి పట్టుకోండి. వాళ్ల క్లాసులో రోజూ కూర్చోండి, ఒక్కో వారం ఒక్కో చిన్న మార్పు. అంతే పని. ఆ మాత్రానికి మూడు నెలలు చాలు.

మిగతావి గబగబా చెప్తాను. వాలంటీర్ చేయడానికి మీ దగ్గరే లక్షలు వసూలు చేసే ఏజెన్సీలు ఉన్నాయి, వాటికి దూరంగా ఉండండి. పోలీస్ క్లియరెన్స్ అడగని సంస్థను నేనైతే నమ్మను, పిల్లల మధ్యకు ఎవరినైనా పంపేస్తుందని అర్థం. పిల్లల మొహాలు సోషల్ మీడియాలో పెట్టకండి. దోమతెర వాడండి, మలేరియా మందు గురించి డాక్టర్‌ని అడగండి. లేక్ మలావి ఎంత అందంగా ఉన్నా అందులో దిగే ముందు బిల్హార్జియా అనే, నీటిలోని పురుగుల వల్ల వచ్చే జబ్బు గురించి తెలుసుకోండి. డెడ్జా ఎత్తైన ప్రాంతం, జూన్‌లో వణికించేస్తుంది. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని నేను స్వెటర్ లేకుండా వెళ్లాను. తిండికి రాయలసీమవాళ్లకు ఇబ్బందే లేదు. న్సిమా అంటే మొక్కజొన్న పిండి సంగటే, పక్కన ఆకుకూర. మనల్ని చూడగానే అమ్వెన్యె అంటారు, ఇండియన్ అని. వెంటనే ఏ ఊళ్లో షాపు ఉందని అడుగుతారు. షాపు లేని ఇండియన్ ఉంటాడని అక్కడి ఊళ్లో చాలామంది చివరిదాకా నమ్మలేదు.

పట్టుకెళ్లేవి: ఇంగ్లిష్ పిల్లల పుస్తకాల పెట్టె వద్దు. నేను చూసిన అలాంటి పెట్టెలు హెడ్మాస్టర్ గదిలో తాళం వేసే ఉన్నాయి. ఆ బరువుకు బదులు పర్మనెంట్ మార్కర్లు పెట్టుకోండి, ఓ యాభై. అన్నీ నల్లవే తీసుకోండి. ఎర్రవి ఎండకు నెలలో వెలిసిపోయాయి, మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది.