సూర్యుడు దిగగానే లేచి వెళ్లిపోకండి

ప్రశ్న: మేడమ్, కొండమీది పార్కు నుంచి ఊరంతా కనిపించేలా సాయంత్రం ఫొటో తీయాలని ఎన్నాళ్లుగానో ఆశ. సూర్యాస్తమయం వేళ తీస్తే ఆకాశం బాగుంటోంది, కింద ఊరు నల్లటి ముద్దలా వస్తోంది. చీకటి పడ్డాక తీస్తే దీపాల చుట్టూ తెల్లటి మరకలు, పైన ఆకాశమే లేదు. ట్రైపాడ్ కొన్నా దీపాలు కదిలినట్టే ఉంటున్నాయి. కెమెరా మార్చాలా?

జవాబు: కెమెరా జోలికి వెళ్లకండి. మీరు తీస్తున్న రెండు వేళలకూ మధ్యలో ఇంకొకటి ఉంది, దాన్ని వదిలేస్తున్నారు. సూర్యుడు కనుమరుగవగానే పార్కులో సగం మంది లేచి దులుపుకుని వెళ్లిపోతారు, కెమెరాలవాళ్లతో సహా. మీరు మాత్రం అక్కడే కూర్చోండి. ఆకాశంలో వెలుగు తగ్గుతూ తగ్గుతూ ఊరి దీపాల వెలుగుతో సరితూగే దాకా దిగివస్తుంది. సూర్యుడు దిగంతానికి సుమారు 4 నుంచి 6 డిగ్రీలు కిందికి వెళ్లే సమయం అది. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు కాబట్టి 20, 25 నిమిషాల్లో అంతా అయిపోతుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఏటవాలుగా దిగుతాడు, అక్కడివాళ్లకి తీరిక ఎక్కువ.

అప్పటి నీలం పగటి నీలం కాదు. ఆ వేళ కాంతి ఓజోన్ పొరలో చాలా దూరం అడ్డంగా ప్రయాణిస్తుంది. పసుపు, నారింజ రంగుల్లో కొంత భాగాన్ని ఓజోన్ పీల్చేస్తే మిగిలేది ఆ ముదురు నీలం. వైట్ బ్యాలెన్స్‌ని, అంటే ఫొటో రంగుల ఛాయని సరిచేసే సెట్టింగ్‌ని, ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫొటోకి ఒక్కో రంగు వస్తుంది. దాన్ని 4000 కెల్విన్ దగ్గర పెట్టి, రా (RAW) ఫార్మాట్‌లో, అంటే తర్వాత రంగులు మార్చుకోవడానికి వీలుండే ముడి ఫైలుగా తీయండి. మిగతాది ఇంటికెళ్లాక చూసుకోవచ్చు.

ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) ఎఫ్/8 పెట్టుకుని షట్టర్ తెరిచి ఉంచే సమయం ఒక్కటే మారుస్తూ పోండి. అర సెకనుతో మొదలైనది చివరికి 8, 10 సెకన్లకు చేరుతుంది. సరైన క్షణం ఏదో తెలియాలంటే స్క్రీన్ మీద ఒక మేడని పెద్దది చేసి చూడండి. మేడ అంచు ఆకాశంలో కలిసిపోకుండా విడిగా కనిపించాలి, అదే మేడ కిటికీలో పసుపు వెలుగు పసుపుగానే ఉండాలి. రెండూ కుదిరితే ఇక మాటలు ఆపి తీస్తూనే ఉండండి.

ఇక కదలడం. మీ ఫొటోలో దీపాలన్నీ ఒకే వంకర గీతలా ఉంటే కదిలింది కెమెరా. కొమ్మల వెనక దీపాలు మాత్రమే చెదిరితే అది గాలి పని. గీతలేమీ లేకుండా అన్నీ గుండ్రంగా మసకబారితే ఫోకస్ తప్పినట్టు. మీది మొదటి రకమైతే నా అనుమానం, అలాంటిది ఉంటే, మీరు నిలబడే చెక్క ప్లాట్‌ఫారం మీదే. పక్కన ఒక పిల్లాడు పరిగెత్తినా చాలు, అది ఊగుతుంది. మట్టి నేలమీదకో బండమీదకో మారండి. ట్రైపాడ్ మధ్య రాడ్ పైకి లేపకండి, గాలికి కొట్టుకునే స్ట్రాప్ తీసేయండి, లెన్స్‌లో చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. ఫోకస్ వెలుతురు ఉండగానే దూరపు మేడ అంచు మీద చేసి మాన్యువల్‌కి మార్చండి. ఆ తర్వాత జూమ్ కదిపారా, ఫోకస్ మళ్లీ చేసుకోవాల్సిందే.

ప్రశ్న: నా దగ్గర ఫోనే ఉంది. నైట్ మోడ్ చాలా?

జవాబు: చాలు, చేత్తో పట్టుకోకపోతే. రైలింగుకి గట్టిగా ఆనించండి, లేదా చిన్న స్టాండు వాడండి. కదలడం లేదని గమనిస్తే చాలా ఫోన్లు ఎక్స్‌పోజర్ సమయాన్ని వాటంతట అవే పెంచుకుంటాయి. స్క్రీన్ మీద ప్రకాశవంతమైన దీపాన్ని తాకి, వెలుగు కాస్త కిందికి లాగండి. డిజిటల్ జూమ్ జోలికి పోవద్దు.

ప్రశ్న: ఫొటోలో ఊరి మీద ఎక్కడా లేని ఆకుపచ్చ చుక్కలు వస్తున్నాయి. లెన్స్ పాడైందా?

జవాబు: లెన్స్‌కేం కాలేదు. లెన్స్ ముందు బిగించిన యూవీ ఫిల్టర్ గాజు ఉంటే తీసి చూడండి. వీధిదీపాలు ఆ గాజుకీ లెన్స్‌కీ మధ్య ప్రతిఫలిస్తే అలా వస్తాయి. ఫిల్టర్ తీశాక కూడా ఒకటి రెండు మిగిలితే ఫ్రేమ్‌ని కొద్దిగా పక్కకి జరపండి, చుక్క ఏ ఖాళీ ఆకాశంలోకో పోతుంది, అక్కడ చెరిపేయడం తేలిక.