గాజుల సన్నివేశం గురించి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసిన రోజు రాత్రి, విజయనగరంలో కోడలు వెలుగు పైకి కనబడకుండా లాంతరు చిమ్నీకి మసి పూసే చోటు బాగుంది. మరునాడే ఆమె సభలో వేదికెక్కి, దేశం కోసమంటూ బంగారు గాజులు విప్పి ఇచ్చిందని రాశావు. అక్కడ నేను కాగితాలు కింద పెట్టేశాను. ఆడవాళ్ళు రక్షణ నిధికి నగలు ఒలిచి ఇచ్చినది 1962లో, చైనా యుద్ధం నాడు. 1942 నాటిది తెల్లదొరల యుద్ధం. మనల్ని అడగకుండా అందులోకి దించారని కాంగ్రెసు మంత్రివర్గాలు 1939లోనే రాజీనామా చేశాయి.

తేదీల పొరపాటైతే దిద్దుకోవచ్చు. నాకు కోపం తెప్పించింది, వేదిక మీద ఇచ్చినదే త్యాగమన్న నీ నమ్మకం. మన ప్రాంతంలో ఆ యుద్ధానికి మూల్యం చెల్లించినవారిని ఎవరూ అడగలేదు, ఎవరూ దండ వెయ్యలేదు. కూలి కోసం ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూను, పోయిన మగవాళ్ళు ఇక్కడ ఎన్నో ఊళ్ళలో ఉండేవారు. 1942 మార్చిలో రంగూను జపాను చేతికి చిక్కడంతో మనియార్డర్లూ ఆగిపోయాయి, బర్మా బియ్యమూ ఆగిపోయింది. అరకాను కొండల మీదుగా, మణిపూరు అడవుల మీదుగా నడిచి వస్తూ దారిలోనే రాలిపోయినవారు వేలమంది. ఇక్కడ వాళ్ళ ఇల్లాళ్ళు చోడి (రాగి) అంబలి కాచి, పిల్లలకూ ముసలివాళ్ళకూ పోసి, కుండ అడుగున మిగిలితే తాము తాగి, కిరసనాయిలు దొరక్క పెందలాడే దీపం ఆర్పి, మారు చీర లేక తడి చీరనే ఒంటి మీద ఆరబెట్టుకున్నారు.

నా మొదటి కథ అలాంటి ఒక ఇల్లాలిదే, మా నాయనమ్మ చెప్పగా విన్నది. తపాలా బంట్రోతు వీధిలోకి వచ్చినప్పుడల్లా ఆమె పని ఆపి గుమ్మంలో నిలబడుతుంది, కథంతా అంతే. ఒక పెద్ద పత్రిక సంపాదకుడు "ఇందులో యుద్ధం ఎక్కడుంది?" అని తిప్పి పంపాడు. బాంబు పేలితే తప్ప యుద్ధం కనిపించని ఆ చూపే ఇప్పటికీ కథల పోటీలను ఏలుతోంది, నీ గాజుల సన్నివేశమూ ఆ న్యాయనిర్ణేతల కోసం రాసినదేనని నా అనుమానం. నేను మాత్రం ఒక్క బాంబూ చేర్చకుండా ఆ కథను ఏళ్ళ తరబడి పెట్టెలో ఉంచాను; చివరికి ఒక చిన్న పత్రిక వేసింది.

ఆ కోడలి భర్త ఎక్కడున్నాడో నువ్వు చెప్పలేదు. సభను తీసేసి, ఆ రాత్రి ఇంట్లో ఎన్ని సోలల బియ్యం ఉన్నాయో, ఆమె ఎవరెవరి తర్వాత తిన్నదో రాయి. ఆ కాలం చూసిన ముసలమ్మలు మీ ఊళ్ళో ఒకరిద్దరైనా మిగిలి ఉంటే, ఈ వారమే వెళ్ళి అప్పుడు ఏమి వండుకునేవారో అడుగు. తిరగరాసి పంపితే మళ్ళీ చదువుతాను.