ప్లస్ మేజ్ మీద ఎలుకను పెట్టే ముందు

అమ్మాయీ,

ఒత్తిడికి గురైన ఎలుకల మీద, ఆందోళన తగ్గించే మందు డయజిపామ్ ప్రభావాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. మంచి పని. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చాకే ఎలుకలను ముట్టుకో.

గ్రూపులు నాలుగు ఉండాలి. ఒత్తిడి పెట్టినవాటిలో సగానికి మందు, సగానికి ఉత్త ద్రావకం. ఒత్తిడి పెట్టనివాటిలోనూ అంతే. డయజిపామ్ నీళ్లలో సరిగా కరగదు. అందుకని దాన్ని దేనిలో కలిపావో అదే కంట్రోల్ ఎలుకలకూ ఇవ్వాలి, అంతే మోతాదులో. సూది పోటు కూడా ఎలుకకు టెన్షనే కదా. అందుకే వారం ముందు నుంచీ రోజూ వాటిని చేతిలోకి తీసుకుని నీ స్పర్శ అలవాటు చెయ్యి.

ప్లస్ మేజ్ అంటే నేలకు ఎత్తులో ప్లస్ గుర్తులా ఉండే నాలుగు దారులు. గోడలున్న రెండూ క్లోజ్డ్ ఆర్మ్‌లు, గోడల్లేని రెండూ ఓపెన్ ఆర్మ్‌లు. ఎలుకకు గోడల్లేని ఎత్తైన చోటంటే భయం, కొత్త చోటు చూడాలన్న ఆరాటమూ ఉంటుంది. ఆ రెంటి పెనుగులాటనే మనం ఐదు నిమిషాలు చూస్తాం. 1985లో సాండ్రా ఫైల్ తదితరులు ఎలుకల్లో ఈ పరీక్షను నిలబెట్టారు. డయజిపామ్ మెదడులో గాబా అనే, నాడుల ఉద్రేకాన్ని తగ్గించే రసాయనం పనిని పెంచుతుంది కాబట్టి ఎలుక ఓపెన్ ఆర్మ్‌లలోకి ఎక్కువగా వస్తుంది.

అయితే ఆ ఒక్క అంకె చూసి భయం తగ్గిందని రాసెయ్యకు. క్లోజ్డ్ ఆర్మ్‌లలోకి ఎన్నిసార్లు వెళ్లిందో కూడా లెక్కపెట్టు. అది బాగా పడిపోయిందంటే మందు మత్తు తెచ్చిందన్నమాట. సాధారణంగా కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు, పరీక్షకు అరగంట ముందు సూదితో పొట్టలోకి ఇస్తారు. మోతాదు పెంచేకొద్దీ మగత ముందుకొస్తుంది. చాలా థీసిస్‌లలో ఈ తేడా పట్టించుకోరు, అది నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒకసారి మేజ్ ఎక్కిన ఎలుకను రెండోసారి వాడకు. ముందే ఆ మేజ్ చూసిన ఎలుకలో డయజిపామ్ ప్రభావం దాదాపు కనిపించదు. కాబట్టి ప్రాక్టీసు కోసమని కూడా ఎక్కించొద్దు. ఒక్కో ఎలుక దిగగానే మేజ్‌ను పలుచటి ఆల్కహాల్‌తో తుడువు, ముందుదాని వాసన తర్వాతిదాన్ని బెదరగొడుతుంది.

2014లో ఫ్రాన్స్‌లో క్రేఫిష్‌లకు (రొయ్యల్లాంటి మంచినీటి ప్రాణులు) కరెంటు షాకులిస్తే అవి వెలుతురున్న దారుల్లోకి వెళ్లడం మానేశాయి. డయజిపామ్ కోవకే చెందిన క్లోర్‌డయజిపాక్సైడ్ ఇస్తే మళ్లీ వెళ్లాయి. వెన్నెముక లేని ప్రాణికీ ఇలాంటి కలవరం ఉంటుందని తెలిశాక, మన చేతిలోని ఎలుకను ఇంకెంత జాగ్రత్తగా చూసుకోవాలో ఆలోచించు.

మొదటి బ్యాచ్ వీడియోలు నాకు పంపు. ఏ ఎలుక ఏ గ్రూపో మాత్రం చెప్పకు. నేనూ లెక్కపెడతాను, తర్వాత ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు